గరాజ్‌లో బీరువా

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్ళింటికి వెళ్తే ముందు చూపించేది వంటిల్లు, ఆఖర్న చూపించేది గరాజ్. కారు కోసం కట్టిన ఆ గదిలో కారు తప్ప అన్నీ ఉంటాయి. ఆవకాయ జాడీలు, సోనామసూరి బస్తాలు, మడత కుర్చీలు, వినాయకచవితికి వాడిన థర్మోకోల్, ఓ మూల బజ్జీలు వేసుకోవడానికి కరెంటు పొయ్యి. ఇవన్నీ దాటి వెళ్తే గోడకి ఆనుకుని ఓ వాటర్ హీటరు, దాని పక్కనే ఫర్నేసు. దుమ్ము పట్టి, పైపులు వేలాడుతూ, పిలవని పేరంటానికి వచ్చినట్టు నిలబడి ఉంటాయి.

ఈ టపా ఆ రెండిటి గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, వాటిని కంటికి కనపడకుండా చెక్కపెట్టెలో పెట్టి మూసెయ్యాలన్న మన సరదా గురించి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మంట మండే యంత్రం చుట్టూ కట్టే పెట్టె వడ్రంగం పని కాదు. ఆ పెట్టె యంత్రంలో ఒక భాగం అయిపోతుంది. అందులోకి ఏం వెళ్ళాలో, అందులోంచి ఏం బయటికి రావాలో చెప్పలేనివాడు దాన్ని కట్టకూడదు. నేను చెప్పలేని రోజుల్లోనే కట్టాను. అందుకే ఇది రాస్తున్నా.

2023లో శాక్రమెంటో దగ్గర ఫోల్సమ్‌లో ఇల్లు కొన్నాం. కొత్తదేం కాదు, పాత ఇల్లే. ఇద్దరి జీతాలూ కలిపి చూపిస్తే గానీ లోను రాలేదు. డిసెంబరులో అమ్మా నాన్నా వస్తున్నారు, వాళ్ళు ఉండగా సత్యనారాయణ వ్రతం చేసుకోవాలి, ఓ నలభై మంది వస్తారు, భోజనాలు గరాజ్‌లోనే. ఇక్కడి మనవాళ్ళకి ఇది మామూలే. నేల మీద తివాచీ పరిచి, బల్లలు వేసి, తలుపు సగం ఎత్తితే అదే ఫంక్షన్ హాలు. మా ఆవిడ ఆ హీటరు వైపు చూసి, "ఇంతమంది వచ్చినప్పుడు అది అలా కనపడుతుంటే బాలేదు, చుట్టూ ఏదైనా కట్టెయ్యొచ్చు కదా" అంది. తప్పేముంది అందులో? నాకూ అలాగే అనిపించింది. పైగా చేతులు దురద. రోజంతా కీబోర్డు కొట్టేవాడికి శనివారం సుత్తి పట్టుకుంటే వచ్చే ఆనందం మీకు తెలియంది కాదు :)

రెండు వారాంతాలు పట్టింది. టూ బై ఫోర్ చెక్కలతో చట్రం, దాని మీద ప్లైవుడ్, లోపలంతా శబ్దం రాకుండా ఫోమ్ షీట్లు. ఏడడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు, ఎనిమిదడుగుల ఎత్తు. ముందు రెండు తలుపులు, వాటి అంచులకి రబ్బరు పట్టీ. వేస్తే 'థప్' మని మెత్తగా మూసుకునేవి. గోడకి కింద ఒకటి, పైన ఒకటి చిన్న జాలీలు ఉన్నాయి. వాటిలోంచి చలిగాలి వస్తోంది, ఎలకలు కూడా వస్తాయేమో అని వాటి మీద కూడా ఫోమ్ కొట్టేశా. హీటరు, ఫర్నేసు ఒక అరుగులాంటి దాని మీద ఎత్తులో ఉంటే, ఆ కింద ఖాళీ వృథా ఎందుకని పెయింటు డబ్బాలు, గడ్డి కోసే మిషన్ తాలూకు పెట్రోలు క్యాను అక్కడ సర్దేశా. తెల్లరంగు వేశా. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చిన నాన్న చూసి, "బీరువాలా ఉందిరా" అన్నారు. ఆయన మెచ్చుకోవడం అరుదు కాబట్టి ఆ మాట నాలుగు రోజులు నా తలకెక్కి కూర్చుంది.

ఇప్పుడు పై పేరా మళ్ళీ చదివితే నాకే ఒళ్ళు జలదరిస్తుంది. అందులో దాదాపు ప్రతి వాక్యంలోనూ ఒక తప్పుంది.

అమ్మకి వచ్చిన రెండో రోజు నుంచి తలనొప్పి. పొద్దున్నే లేస్తే వికారం, మత్తు. మధ్యాహ్నం అలా పార్కు దాకా తిప్పుకొస్తే తగ్గిపోయేది, రాత్రి పడుకుని లేస్తే మళ్ళీ మొదలు. జెట్‌లాగ్ అనుకున్నాం. అందరం అదే అనుకున్నాం, ఆవిడతో సహా. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి మొదటి వారం ఏం వచ్చినా మనం జెట్‌లాగ్ ఖాతాలోనే రాస్తాం కదా. వాళ్ళ గది గోడకి అవతలివైపే గరాజ్.

ఆరో రోజు రాత్రి రెండింటికి హాల్లో అలారం మోగింది. నాలుగు కూతలు, కాస్త ఆగడం, మళ్ళీ నాలుగు కూతలు. నిద్రమత్తులో స్టూలెక్కి బ్యాటరీ పీకబోయా. బ్యాటరీ అయిపోతే నిమిషానికొకసారి 'కీచ్' మంటుంది, నాలుగేసి కూతలు కుయ్యదు అన్న సంగతి మా ఆవిడకి తెలుసు, నాకు తెలీదు. ఆవిడే అందర్నీ లేపి బయటికి నడిపించింది. చలిలో శాలువాలు కప్పుకుని నిలబడి 911కి ఫోన్ చేశాం. వచ్చిన ఫైర్ డిపార్ట్‌మెంట్ ఆయన మీటరు పట్టుకుని లోపలికెళ్ళి వచ్చి హాల్లో 110 పీపీఎం కార్బన్ మోనాక్సైడ్ ఉందన్నాడు. తర్వాత గరాజ్‌లోకి వెళ్ళి నా తెల్ల బీరువా తలుపు తెరిచి చూసి, "దీన్ని కట్టిందెవరు?" అని అడిగాడు. ఆ క్షణంలో నా ఇంజనీరింగ్ డిగ్రీ ఎక్కడైనా పాతిపెట్టెయ్యాలనిపించింది.

అమ్మని ఎమర్జెన్సీకి తీసుకెళ్తే రక్తపరీక్ష చేసి కొన్ని గంటలు ఆక్సిజన్ మాస్కు పెట్టారు. ఈ వాయువు ఒంట్లో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట కూర్చుంటుంది. హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మామూలు గాలి పీలుస్తుంటే రక్తంలో అది సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, ఆక్సిజన్ పెడితే గంటా గంటన్నర. ఆవిడ కోలుకుంది. ఇక్కడితో మా ఇంటి కథ అయిపోయింది. కానీ కథ చెప్పడం నా ఉద్దేశం కాదు. ఎందుకిలా జరిగింది అన్నది అసలు విషయం.

లెక్క

పదో తరగతి కెమిస్ట్రీ చాలు. ఇక్కడి పైపుల్లో వచ్చే సహజవాయువు ఒక ఘనపుటడుగు మండితే సుమారు వెయ్యి బీటీయూల వేడి వస్తుంది. ఆ ఒక్క అడుగూ పూర్తిగా మండడానికి దాదాపు పది ఘనపుటడుగుల గాలి కావాలి. మా వాటర్ హీటరు గంటకి 40,000 బీటీయూలు, ఫర్నేసు 80,000. రెండూ కలిపి 1,20,000. అంటే రెండూ మండుతున్నప్పుడు గంటకి 1,200 ఘనపుటడుగుల గాలి కావాలి, అది కూడా కనీసం. నా బీరువాలో పట్టేది 7 × 4 × 8, అంటే 224. యంత్రాలు ఆక్రమించిన చోటు కూడా తీసెయ్యకుండా లెక్కేస్తే పదకొండు నిమిషాలకి సరిపడా గాలి! పన్నెండో నిమిషంలో ఏం జరుగుతుందన్న ప్రశ్న రెండు వారాంతాల్లో ఒక్కసారీ నా బుర్రలోకి రాలేదు.

గాలి చాలకపోతే మంట ఆరిపోతే బాగుండేది. అది ఆరదు, సరిగా మండకుండా మండుతూ ఉంటుంది. పూర్తిగా మండితే కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి వస్తాయి. సగంసగం మండితే కార్బన్ మోనాక్సైడు వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. గ్యాస్ లీకైతే ముక్కుకి తగిలే ఆ కుళ్ళు వాసన మనకోసం కలిపింది, మండిపోయాక అది కూడా ఉండదు.

మామూలు వాటర్ హీటర్ని ఒకసారి దగ్గరగా చూడండి. ట్యాంకు పైన, పొగగొట్టం మొదలయ్యే చోట గొడుగులాంటి రేకు ఒకటి ఉంటుంది, దాని కింద ఖాళీ. చూసేవాళ్ళకి అతకడం మర్చిపోయారేమో అనిపిస్తుంది. మర్చిపోలేదు. వేడి పొగ తేలిక కాబట్టి పైకి పోతుంది, పోతూ పోతూ చుట్టూ ఉన్న గాలిని కూడా ఆ ఖాళీలోంచి లాక్కుపోతుంది. ఫ్యాను లేదు, మోటారు లేదు, అంతా ఆ తేలికదనం మీదే నడుస్తుంది. మరి గదిలో పీడనం కొంచెం తగ్గితే? పొగ పైకి పోవడం మానేసి, ఆ గొడుగు కిందనుంచి గదిలోకే దిగుతుంది.

నా బీరువాలో పీడనం తగ్గించే రాక్షసి కూడా ఉంది, ఫర్నేసులోని బ్లోయరు. అది ఇంట్లో గాలిని ఒక డక్టు గుండా లాగి, వేడిచేసి, మళ్ళీ గదుల్లోకి పంపుతుంది. ఈ సైజు ఫర్నేసులో నిమిషానికి వెయ్యి ఘనపుటడుగుల పైచిలుకు గాలి కదులుతుంది. మా డక్టు అతుకులు పాతబడి అక్కడక్కడా ఊడాయి. గరాజ్ మొత్తం తెరిచి ఉన్నప్పుడు ఆ కంతలు ఏ కాస్త గాలి లాగినా పట్టించుకోవక్కర్లేదు. రబ్బరు పట్టీ వేసిన పెట్టెలో అయితే వందలో ఐదు వంతులు లీకున్నా నిమిషానికి యాభై అడుగులు. పెట్టెలోకి గాలి వచ్చే దారే లేదు కాబట్టి ఆ లోటు పూడ్చుకోవడానికి పొగగొట్టమే గాలి లోపలికి తెచ్చే గొట్టం అయిపోయింది. హీటరు పొగ కిందికి దిగింది, డక్టు కంతలు దాన్ని పీల్చాయి, బ్లోయరు చక్కగా గదిగదికీ పంచింది. విడివిడిగా ఏ యంత్రమూ చెడిపోలేదు. ఫైర్ ఆయన తలుపు తీసి ఉంచాక అవే హీటరు, అవే ఫర్నేసు బుద్ధిగా పనిచేశాయి.

ఆ జాలీలు ఎందుకు?

ఇళ్ళ కోడ్‌లో దీనికి ఒక లెక్క ఉంది. ప్రతి వెయ్యి బీటీయూలకీ 50 ఘనపుటడుగుల చోటు లేకపోతే, గాలి బయటినుంచి తెప్పించాలి. మా రెండిటికీ కలిపి 6,000 కావాలి. మా గరాజ్ మొత్తం 20 × 20 × 9, అంటే 3,600 మాత్రమే. పెట్టె కట్టకముందే ఆ గది చాలదన్నమాట! అందుకే కట్టినవాళ్ళు బయటి గోడకి రెండు జాలీలు పెట్టారు. ఒకటి నేలకి 12 అంగుళాల లోపు, ఇంకోటి కప్పుకి 12 అంగుళాల లోపు. నేను ఎలకల కోసం మూసింది వాటినే.

మీకో నిజం చెప్పాలి. ఇల్లు కొనేటప్పుడు ఇన్‌స్పెక్షన్ చేసినాయన ఇచ్చిన రిపోర్టులో 'ఈ జాలీలకి ఏదీ అడ్డుపెట్టకండి' అని రాసి ఉంది. ఫోటోతో సహా. నేను మొదటి మూడు పేజీలు, ఆఖరి పేజీ చదివా. ఆఫీసులో ఎవడైనా డాక్యుమెంటు చదవకుండా ప్రొడక్షన్లో చెయ్యి పెడితే ముందు అరిచేది నేనే.

ఆ అరుగు సంగతి కూడా చెప్పాలి. గరాజ్‌లో మంట పుట్టించే వస్తువుని నేలకి 18 అంగుళాల ఎత్తున పెట్టమంటారు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది, అందుకని. 2003 తర్వాత వచ్చిన మామూలు సైజు గ్యాస్ హీటర్లలో ఆవిరి అంటుకున్నా మంట బయటికి పాకకుండా ఏర్పాటుంటుంది కాబట్టి వాటికి కొంత మినహాయింపు ఇస్తారు. పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ ఆలోచన ఒకటే. మంటనీ పెట్రోలు ఆవిరినీ కలవనివ్వకూడదు. నేను ఆ రెండిటినీ ఒకే పెట్టెలో పెట్టి తలుపేశా.

దాచడం వేరు, ఎన్‌క్యాప్సులేషన్ వేరు

మా వృత్తిలో చిక్కుముడుల్ని కనపడకుండా చెయ్యడం గొప్ప విద్య. క్లాసు లోపల ఏం జరుగుతుందో బయటివాడికి అక్కర్లేదు అంటాం. నేను కూడా గరాజ్‌లో అదే చేశాననుకున్నా. కానీ క్లాసు రాసేటప్పుడు ముందు రాసేది ఇంటర్‌ఫేసు. ఏం లోపలికి, ఏం బయటికి, తేడా వస్తే ఎవరికి ఎలా తెలుస్తుంది. ఆ మూడూ తేలాకే లోపలిది దాస్తాం. ఆ మూడూ లేకుండా దాస్తే దాన్ని చెత్త తివాచీ కిందికి తొయ్యడం అంటారు.

వాటర్ హీటరుకి లోపలికి రావాల్సినవి గాలి, గ్యాసు, చన్నీళ్ళు. బయటికి పోవాల్సినవి పొగ, వేన్నీళ్ళు, ఒక్కోసారి ఒత్తిడి. ట్యాంకు పక్కన కిందికి దిగే పైపు ఒకటుంటుంది చూడండి, దాని పైనున్న వాల్వు ట్యాంకులో ఒత్తిడి 150 పీఎస్‌ఐకో, వేడి 210 డిగ్రీల ఫారెన్‌హీట్‌కో చేరితే తెరుచుకుంటుంది. ఆ పైపు చివర కనపడాలి, దానికి ఏదీ అడ్డం ఉండకూడదు. తేడా వస్తే తెలియడం అంటే ఇదే. నీళ్ళు కారితే కంటికి కనపడాలి, మంట రంగు మారితే చూసేవాడుండాలి, మెకానిక్కు కూర్చోవడానికి చోటుండాలి. నా బీరువాలో మెకానిక్కు కాదు కదా, పిల్లి కూడా కూర్చోలేదు.

అయితే కట్టకూడదా?

ఇక్కడ మనవాళ్ళు కొందరు వాదనకి వస్తారు. "మా ఫ్రెండు కట్టుకున్నాడు, నాలుగేళ్ళయింది, ఏం కాలేదు." కావచ్చు. అతని పెట్టెకి తలుపు కింద అంగుళంన్నర సందుండొచ్చు, డక్టు అతుకులు గట్టిగా ఉండొచ్చు. నా పెట్టె ప్రాణం మీదికి తెచ్చింది నేను పని శ్రద్ధగా చెయ్యడం వల్లే. సందు లేకుండా కట్టా కాబట్టి!

ఇంకో వాదన ఉంది, దానికి నేను తలొగ్గుతా. కట్టడానికి మంచి కారణాలే ఉన్నాయి. కారు రివర్సులో వచ్చి హీటరుకి తగలొచ్చు, పిల్లలు వేడి పొగగొట్టం పట్టుకోవచ్చు, డ్రయ్యరు నుంచి ఎగిరే నూగు బర్నర్లో చేరొచ్చు. కాబట్టి కట్టండి. నేను కూడా మళ్ళీ కట్టించా. ఈసారి సిటీ వాళ్ళ దగ్గర పర్మిట్ తీసుకుని, లైసెన్సున్న మనిషితో. అతను చేసినవీ, నేను నేర్చుకున్నవీ ఇవి:

1. గోడ జాలీలు రెండూ తెరిచి పెట్టె లోపలికి వచ్చేలా కట్టాడు. నేరుగా బయటికి తెరుచుకునే జాలీకి ప్రతి 4,000 బీటీయూలకీ ఒక చదరపు అంగుళం ఖాళీ కావాలి. మాకు ఒక్కోటి 30. కానీ జాలీ సైజు, ఖాళీ సైజు ఒకటి కావు. రేకు పలకల జాలీలో 75 శాతం, చెక్క పలకల జాలీలో 25 శాతం మాత్రమే ఖాళీ కింద లెక్కేస్తారు. కాబట్టి రేకుదైతే 40 చదరపు అంగుళాలు, చెక్కదైతే 120. అందంగా ఉంటుందని చెక్క జాలీ కొనేవాళ్ళు ఈ లెక్క చూసుకోండి.

2. డక్టు అతుకులన్నీ మూశాడు. ఫర్నేసు పెట్టెలోని గాలిని ఒక్క చుక్క కూడా పీల్చకూడదు.

3. ఒంటిపొర రేకు పొగగొట్టం నుంచి చెక్కకి 6 అంగుళాల దూరం. రెండుపొరల బీ-వెంట్ గొట్టమైతే మామూలుగా ఒక అంగుళం. యంత్రం మీద అతికించిన కాగితంలో కంపెనీ ఇంకా ఎక్కువ అడిగితే కంపెనీ మాటే వినాలి.

4. తలుపులు తీస్తే ముందు 30 అంగుళాల ఖాళీ. పెద్ద యంత్రం మొత్తంగా బయటికి వచ్చేంత వెడల్పు తలుపు. భూకంపానికి పడిపోకుండా హీటరుకి కట్టిన రెండు పట్టీలూ అలాగే ఉన్నాయి, కాలిఫోర్నియాలో అవి తప్పనిసరి.

5. లోపల ఇంకేమీ పెట్టకూడదు. చీపురు కూడా.

పక్క గోడకున్న కరెంటు ప్యానెల్ని కూడా అదే పెట్టెలో కలిపెయ్యమని అడిగా. కుదరదన్నాడు. దాని ముందు 36 అంగుళాలు ఎప్పుడూ ఖాళీగా ఉండాలట. బస్తాలు అక్కడ్నుంచి కూడా తీసేశాం.

హీటరు మార్చే వయసుకొచ్చిందనుకుంటే ఇంకో దారి ఉంది. గాలిని బయటినుంచి సొంత గొట్టంలో తెచ్చుకుని, పొగని సొంత గొట్టంలో వదిలే సీల్డ్ రకాలు వస్తున్నాయి. వాటి మంటకి గది గాలితో పనిలేదు. హీట్ పంపు హీటరైతే అసలు మంటే లేదు. కానీ అది గదిలో గాలిలోంచే వేడి లాగుతుంది కాబట్టి దానికీ ఊపిరి కావాలి, చాలా కంపెనీలు 700 ఘనపుటడుగుల చుట్టుపక్కల చోటు గానీ, జాలీలు గానీ అడుగుతాయి. మంట లేదు కదా అని దాన్ని కూడా బీరువాలో పెట్టేస్తే ప్రాణం పోదు, కరెంటు బిల్లు మాత్రం పోటెత్తుతుంది.

అలారం ఉందిగా అంటారా?

ఉంది, అదే మమ్మల్ని కాపాడింది. కాలిఫోర్నియాలో 2011 జులై నుంచి గ్యాస్ వస్తువులున్న, లేదా గరాజ్ ఆనుకుని ఉన్న సొంతిళ్ళకి అది తప్పనిసరి. కానీ దాని లెక్క తెలుసుకోండి. 70 పీపీఎం ఉంటే గంట నుంచి నాలుగు గంటల లోపు మోగుతుంది. 150 ఉంటే 10 నుంచి 50 నిమిషాలు. 400 ఉంటే 4 నుంచి 15 నిమిషాలు. 30 దగ్గర రోజుల తరబడి మోగకుండా ఉండేలానే దాన్ని తయారుచేస్తారు, ఊరికే మోగి విసిగించకూడదని. మా అమ్మ తలనొప్పులన్నీ ఆ మోగని ఖాతాలోవే అయ్యుంటాయి. అలారం చావుని ఆపడానికి ఉంది, తలనొప్పిని ఆపడానికి కాదు. దానికి కూడా ఆయుష్షుంటుంది, అయిదు నుంచి పదేళ్ళు. వెనకాల తారీఖు చూసుకోండి. మంటల్లో కాకుండా ఊరికే ఇలా ఈ వాయువు వల్ల అమెరికాలో ఏటా నాలుగు వందల మందికి పైగా చనిపోతున్నారని ఇక్కడి సీడీసీ చెప్తోంది. వాళ్ళలో ఎందరు జెట్‌లాగ్ లాంటి ఏదో ఒక మాట చెప్పుకుని పడుకున్నారో.

ఇది అమెరికా గొడవ, మాకెందుకు అని హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న మీరు అనుకోకండి. కిటికీ మూసిన బాత్రూములో గ్యాస్ గీజరు ఇదే కథ. చలికాలం తలుపులేసుకుని గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవడం ఇదే కథ. మాడ్యులర్ కిచెన్ పేరుతో సిలిండర్ని జాలీ లేని అరలో పెట్టి మూయడం దీనికి కజిన్. ఆ గ్యాసు గాలి కంటే బరువు కాబట్టి లీకైతే ఆ అర అడుగునే కూర్చుంటుంది. ఇన్వర్టరు తాలూకు నీళ్ళ బ్యాటరీని అల్మరాలో పెట్టి తాళం వెయ్యడం ఇంకో కజిన్, ఛార్జయ్యేటప్పుడు అది హైడ్రోజన్ వదుల్తుంది. ఎక్కడైనా కారణం ఒకటే. చుట్టాలొస్తారు, కనపడితే బాగోదు.

మా ఇంటికి ఆ నలభై మందీ వచ్చారు. వ్రతం రెండు వారాలు వెనక్కి జరిపాం. అప్పటికి నా పాత పెట్టె పీకేశా, కొత్తది ఇంకా రాలేదు. హీటరూ ఫర్నేసూ దుమ్ముతో, పైపులతో అలాగే నిలబడి ఉన్నాయి, వాటి ముందే బల్లలు వేసి పులిహోర వడ్డించాం. ఎవరూ వాటి వంక కూడా చూడలేదు. చూసింది ఒక్క అమ్మే. విస్తరి ముందు కూర్చుని, "ఒరే, దీనికి ఇప్పుడు గాలి సరిగ్గా ఆడుతోందా?" అని అడిగింది. ఆడుతోందమ్మా అన్నా. తినేశాక లేచి వెళ్ళి ఆ కింది జాలీ దగ్గర చెయ్యి పెట్టి చూసుకుంది. నా మాట మీద నమ్మకం లేక కాదని ఆవిడంటుంది, లేకపోయినా తప్పేం లేదని నేనంటాను.

మీ గరాజ్‌లో పెట్టె ఉంటే ఈ రాత్రే ఒకసారి తెరిచి చూడండి. గాలి ఎక్కడ్నుంచి వస్తోందో వేలితో చూపించగలగాలి. చూపించలేకపోతే తలుపు తెరిచే ఉంచి, పొద్దున్నే తెలిసినవాణ్ణి పిలవండి. కాస్త అందం తగ్గుతుంది, అంతే.